పొద్దున పాలకూ సాయంత్రం పాలకూ మధ్య రాజమండ్రి

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి విమానంలో ఎంతసేపని అడిగితే ఎవరైనా గంటా ఐదు నిమిషాలనే చెబుతారు. ఆకాశమార్గాన దూరం సుమారు మూడు వందల అరవై కిలోమీటర్లు. ఉప్పుగూడలో మా పక్కింటి మల్లేశన్నకు మాత్రం ఆ లెక్క చాల్లేదు. ఆయన అక్క లచ్చమ్మ రాజమండ్రిలో తన కూతురి దగ్గర ఉంటుంది. ఆమె జారిపడి, తుంటి ఎముక విరిగి, మూడు నెలలుగా మంచం మీదే ఉంది. అయినా ఆయన వెళ్లలేకపోయారు. ఇంట్లో ఐదు బర్రెలున్నాయి. నాలుగింటిని భార్య సత్తెమ్మ వదిన పిండుతుంది. ఐదోది ఆయన చేతికి తప్ప పాలు చేపదు, ఇంకెవరు కూర్చున్నా తంతుంది. ఒక్క పూట పాలు నిలిచిపోయినా పొదుగు వాస్తుందని ఆయన భయం. అందుకే పొద్దున పాలు పిండి బయల్దేరి, సాయంత్రం పాలవేళకు తిరిగొచ్చేలా ప్రయాణం వేసిపెట్టమని నన్ను అడిగారు. తోడుగా నేనూ వెళ్లాను.

పట్టిక ఇలా వేశాను. ఐదుంబావుకు క్యాబ్, ఆరింటికి శంషాబాద్, ఏడూ పదికి విమానం, ఎనిమిదింబావుకు మధురపూడి విమానాశ్రయం. అక్కడి నుంచి ఊళ్లోకి దాదాపు గంట, టాక్సీకి ఏడు వందలు. తిరుగు విమానం ఒంటిగంటా యాభైకి, ఇల్లు చేరేది నాలుగున్నరకు. మొత్తం పదకొండుంబావు గంటల్లో అక్క దగ్గర కూర్చోవడానికి మిగిలినవి రెండున్నర గంటలు. సాయంత్రం దాకా ఉండి గోదావరి చూసి వెళ్లమని టాక్సీ డ్రైవరు అన్నాడు. బర్రె ఒప్పుకోదని మల్లేశన్న బదులిచ్చారు. "మా ఇంట్లో గేదె లేదండీ, అయినా నన్నూ ఎక్కడికీ పంపరు" అన్నాడతను.

లచ్చమ్మ తమ్ముడి చేయి పట్టుకుని, పాలు పిండి పిండి బొటనవేలి కణుపు మీద కాసిన కాయను తడిమింది. పదకొండింటికి నా ఫోనుకు సందేశం వచ్చింది. తిరుగు విమానం రెండున్నర గంటలు ఆలస్యం. మల్లేశన్న లేచి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు. సంగతేమిటని అడిగి తెలుసుకున్న లచ్చమ్మ పడుకునే నవ్వింది.

"గింతదానికి ఫికరైతున్నవా తమ్మీ? నువ్వు ఇడిసిన అంగి తొడుక్కొని కూసోమను మరదల్ని. నేను అత్తగారింటికి పోయినంక, బర్రెకు నా వాసన రావాల్నని అమ్మ నా చీర కప్పే గద నిన్ను దాని కింద కూసోబెట్టింది. మర్సినవా?"

ఆయన మరిచిపోయారు. వెంటనే వదినకు ఫోన్ చేసి, ముందురోజు వేసుకున్న, ఉతకని చొక్కా ఎక్కడుందో చెప్పారు. ఆ తర్వాత అక్క మంచం పక్కనే పళ్లెం పెట్టుకుని అన్నం తిన్నారు. ఆవిడకు ముద్దలు కలిపి పెట్టారు.

మేము ఇల్లు చేరేసరికి ఏడు. సత్తెమ్మ వదిన చీర మీద గళ్ల చొక్కాతో, పాలక్యాను పక్కన కూర్చుని ఉంది. తన్నిందా అని మల్లేశన్న అడిగారు.

"తన్నలే. జర అనుమానంగ చూసింది, గంతే. ఇగ నెలకోపాలి పొయ్యి అక్కను చూసి రా. అంగి ఇడిసి పో."

నా పట్టికలో అన్ని సమయాలూ ఉన్నాయి, ఆ ఆలస్యం తప్ప. అక్కాతమ్ముళ్లు కలిసి అన్నం తిన్నది ఆ ఆలస్యంలోనే. గంట దూరంలో ఉన్న మనిషిని మూడు నెలలు చూడలేకపోవడానికి కారణమైన చిక్కు ఒక మాసిన చొక్కాతో తీరింది, ఆ ఉపాయం చెప్పింది ఆ మనిషే. వచ్చే నెల తిరుగు ప్రయాణం మరుసటి రోజుకు పెట్టమన్నారు మల్లేశన్న. ఒకే రోజులో వెళ్లి రావాలనుకునేవారికి ఒక్క సూచన: మీరు తప్ప ఎవరూ చేయలేరనుకునే పనిని ముందుగా ఒక పూట ఇంకొకరితో చేయించి చూడండి. తిరుగు టికెట్ ఆ తర్వాతే కొనండి.