మా మామకు తెచ్చిన సిగార్

నాకు సరుకు ఎంచడం తెలుసు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి, గొప్పలే చెప్పుకుంటున్నాను. ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. కళ్లు మూసుకుని గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపితే చాలు, అది ఎలాంటి నూలో చెప్పేస్తాను. అలాంటి నన్ను పట్టుకుని కొనడం చేతకానివాడనే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా మామ, నా భార్య తండ్రి.

మామకు పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట ఉంది. పెళ్లయిన కొత్తలో పంచె తీసుకెళ్తే అంచు తిప్పి చూసి, "నిన్నెవురో బాగా మోసం చేసినారప్పా" అన్నాడు. మామిడిపండ్లు తీసుకెళ్తే అదే మాట. చెప్పులకూ అదే మాట. అత్తమ్మ లోపలి నుంచి "పోనీలే, పాపం" అనేది. ఆ పాపం ఇంకా ఎక్కువ గుచ్చుకునేది. ఒక్కసారైనా ఆయన నోటితో నేను తెచ్చింది బాగుందని అనిపించుకోవాలని నాకు పంతం పట్టుకుంది.

ఆయనకున్న ఒకే ఒక్క షోకు చుట్ట. అదీ జమ్మలమడుగులో ఒక అంగడిలో చుట్టిందే కావాలి. ఒకసారి నేనే బండి మీద తీసుకెళ్లాను. ఒక్కొక్కటీ తీసి నొక్కి, వాసన చూసి, సగానికి సగం పక్కన పడేశాడు. నేను పక్కనే చూస్తూ నిలబడ్డాను. నాకూ అప్పుడప్పుడు పొగ తాగే అలవాటుంది గానీ, మామ ముందు అల్లుడు తాగడం మా వైపు లేదు. తాగుతానన్న మాట కూడా పైకి అనకూడదు.

మొన్న చలికాలంలో సరుకు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు సిగార్లు అమ్మే అంగడి ఒకటి కనబడింది. గాజు గదిలో చెక్కపెట్టెల నిండా ఉన్నాయి. అమ్మే ఆయన మొదట తేలికపాటివి చూపించాడు. జమ్మలమడుగు చుట్ట తాగే మనిషికి ఇవి ఏ మూలకూ చాలవన్నాను. అప్పుడు నల్లగా నిగనిగలాడేవి చూపించాడు. రంగు చూసి బోల్తా పడేవాణ్ణా నేను? లోపల ఏ ఆకు వేశారని అడిగాను. ఎండ బాగా తగిలే పైకొమ్మ ఆకు ఎక్కువగా వేసి చుట్టింది ఒకటుందని, అలవాటు లేనివాళ్లకు తల తిరుగుతుందని చెప్పాడు. అదే ఇమ్మన్నాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో నొక్కుతూ పోతే ఒకదానికి నడుమ బోలు తగిలింది, ఇంకోదానికి ఈనె లావుగా ఉంది. తర్వాతి దానికి పై ఆకు సన్నగా నూనె రాసినట్టు మెరుస్తోంది, నొక్కితే దిగి మళ్లీ మెల్లగా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరియాల వాసన, కాఫీ గింజల వాసన కలిసి వచ్చాయి. ఇక వేరేది చూడలేదు.

ఆ ఆదివారం పులివెందులకు వెళ్లి మామ చేతిలో పెట్టాను.

"ఏందప్పా ఇది, ఇంత లావుండాది?" అన్నాడు.

కొస కత్తిరించే కత్తెర నేను జేబులోంచి తీసేలోగా ఆయన పంటితో కొరికి ఉమ్మేశాడు. చుట్టకు చేసినట్టే నాలుకతో పొడుగునా తడిపాడు. నా ప్రాణం ఉసూరుమంది. అగ్గిపుల్ల గీసి గబగబా నాలుగు దమ్ములు లాగాడు. అలా లాగితే సిగార్ వేడెక్కి చేదెక్కుతుంది. మామ ముఖం చిట్లించాడు. ఇక రాబోయే మాటేదో నాకు తెలుసు.

"అట్ట లాగొద్దు మామా," అనేశాను. "నిదానంగా తాగాల. పొగ మింగేది కాదు, నోట్లోనే పెట్టుకోని ఇడ్సాల."

అత్తమ్మ చేతిలో చాటతో గడప దగ్గరే ఆగిపోయింది.

"నీకెట్ట తెలుసు?" అన్నాడు మామ.

"తాగుతా మామా."

అనేసి తల దించలేదు. నా సరుకు మంచిది. దాన్ని చెడ్డదనిపించుకుని మర్యాద నిలబెట్టుకోవడం నావల్ల కాదు.

ఆయన సిగార్‌ను కాసేపు చల్లారనిచ్చి, చిన్నగా ఒక దమ్ము తీసి వదిలాడు. ఆగి ఇంకొకటి తీశాడు. తెల్లటి బూడిద రాలకుండా కొసన నిలిచింది. ఆయన దాన్నే చూస్తూ తాగాడు. సగం అయ్యేదాకా నేను నిలబడే ఉన్నాను.

"శానా గట్టిది," అన్నాడు చివరికి. "కమ్మగానే ఉండాది. ఎవురు ఎంచినారు?"

"నేనే మామా."

"ఊఁ," అని పక్కకు జరిగి, అరుగు మీద చోటిచ్చాడు. "కూసో." కూర్చున్నాను. జేబులోంచి తన చుట్ట ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ ముందరా మామా?"

"తాగుతానంటివి కదప్పా. తాగు."

తనే అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, నా వైపు వంగాడు.