తోటలో ఉందండీ

మా మనవడు నూజివీడు నుంచి తెచ్చిన చిన్న రసాల గంప విప్పగానే ఎండుగడ్డి వేడీ, సొన ఘాటూ కలిసి ముక్కుకు తగిలాయి. అదే రోజున మా పాత బడి నుంచి ఉత్తరం వచ్చింది. వార్షికోత్సవ సంచిక వేస్తున్నారట. మధుర స్మృతులు రాసి పంపమన్నారు. ఇంతవరకు పనిచేసిన ఉపాధ్యాయుల పట్టిక కూడా జతచేశారు. అందులో మా పంతులమ్మ సుందరమ్మగారి పేరు లేదు. అందుచేత మధురం కానివి ముందు రాస్తున్నాను. తేదీ వేసి రాసుకోవడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు.

1948 జనవరి: మామిడి తోట పూతకు వచ్చింది. మా నాన్న కాపలాకు కుదిరి, నన్ను నాలుగో తరగతి మాన్పించాడు.
1948 ఏప్రిల్: పరీక్షకు రాలేదని హాజరు పట్టీలో నా పేరు కొట్టివేశారు.
1948 జూలై: తిరిగి వెళితే చేర్చుకోవడానికి వీల్లేదన్నారు.
1948 దసరా సెలవులు: నన్ను తరగతిలో కూర్చోబెట్టినందుకు సుందరమ్మగారిని ఉద్యోగం నుంచి తొలగించారు.

మొదటిది మా ఇంటి లేమి చేసిన పని. దానిని ఎవరి మీదా మోపను. తక్కిన మూడూ బడి చేసినవి.

సుందరమ్మగారిది బందరు. ఆమె గొంతు చివరి వరుస దాకా వినిపించేది కాదు. అందువల్ల హాజరు పిలిచేటప్పుడు కుర్చీలో కూర్చోక, వరుసల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి ముందు ఆగి మొహం చూసి పిలిచేవారు. నేను మానేశాక కూడా నా ఖాళీ చోటు ముందు ఆగి "మాణిక్యం" అని పిలిచేవారట. పిల్లలంతా ఒక్క గొంతుతో "తోటలో ఉందండీ" అనేవారట.

కాయ నిమ్మకాయంత అయిన రోజుల్లో, ఒక ఆదివారం, ఆమె రెడ్డిగూడెం దారిలోని మా తోటకు నడిచివచ్చారు. నేను మంచె మీద డబ్బా వాయిస్తూ చిలకలను తోలుతున్నాను.

"దీనికి చదువెందుకండీ పంతులమ్మగారూ? దీని గొంతుకి చిలకలు రెడ్డిగూడెం దాటి పోతన్నాయి," అంది అమ్మ.

"చిలకలు ఏ వేళకి వస్తాయమ్మా?"

"పొద్దున్నే, మళ్ళీ పొద్దుగూకే ముందూనండి."

"మరి మధ్యాహ్నం?"

"కోతులండి."

"వాటికి ఆదివారం సెలవైనా లేదా?"

అమ్మ పకపకా నవ్వింది. నాన్న నవ్వలేదు. "కోతయ్యేదాకా ఇది లేకపోతే కుదరదండి," అన్నాడు.

ఆమె వాదించలేదు. "కోతయ్యాక?" అన్నారు.

"అప్పుడు పంపిత్తానండి."

ఆ మాట పుచ్చుకుని, వేసవి అంతా ఆదివారాలు వచ్చి, మంచె కింద కూర్చుని నాకు నాలుగో తరగతి లెక్కలు చెప్పారు. చిలకలు వాలినప్పుడల్లా లెక్క ఆపి, ఆమె కూడా డబ్బా అందుకునేవారు.

జూలైలో నాన్న మాట నిలబెట్టుకున్నాడు. బడి కనిపించే దాకా వచ్చి, అక్కడ ఆగి "పో అమ్మా" అన్నాడు. నా తోటివాళ్ళు అయిదుకు వెళ్ళారు. వాళ్ళతోపాటే పై తరగతికి వచ్చిన సుందరమ్మగారు నా పేరునూ తెచ్చుకున్నారు. నా చెంప మీద, చేతుల మీద సొన కాల్చిన నల్లని మచ్చలు. సిగ్గుతో గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"మాణిక్యం!"

"తోటలో ఉందండీ!" గది మొత్తం పలికింది.

"అబద్ధాలాడకండర్రా. గుమ్మంలో ఉంది."

అందరూ తిరిగి చూశారు. "మొహం మీద ఏంటే అది, కాకి రెట్టా?" అంది మహలక్ష్మి.

"చిలకలు కొరికి చూశాయి. పుల్లగా ఉందని వదిలేశాయి. జరుగు, కూర్చోనీ," అన్నారు సుందరమ్మగారు. పిల్లలు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఎలాగో లోపలికి నడిచాను.

హెడ్మాస్టరు గారు వచ్చారు. "కొట్టేసిన పేరు పిలవడమేంటండీ? పరీక్ష రాయని పిల్లని అయిదులో కూర్చోబెట్టడమా?"

"నాలుగో తరగతి లెక్కలన్నీ వచ్చండీ దీనికి. అడిగి చూడండి."

"అది కాదండీ. చేర్చుకోడానికి వీల్లేదు. అసలు పట్టీలో పేరే లేదు."

"పేరు ఉందండీ. పిలిస్తే పలుకుతోంది."

ఆయన నన్ను ఒక్క లెక్కా అడగలేదు. అయినా దసరా దాకా ఆమె నన్ను రోజూ పిలిచి కూర్చోబెడుతూనే ఉన్నారు. దసరా సెలవుల తరువాత ఆమె కుర్చీలో కొత్త మాస్టారు ఉన్నారు. పట్టీని ఖాతరు చేయలేదన్నది ఆమె మీద మోపిన నేరం. పట్టీలో నా పేరు లేదు కనుక, నేను ఇంటికి పోవడమే మిగిలింది. పోకుండా నా చోటే కూర్చున్నాను.

కొత్త మాస్టారు పట్టీ చూసి పిలుస్తున్నారు. మహలక్ష్మి పలికింది. తరువాత "రాఘవులు" అని పిలిచారు. వాడు నోరు తెరిచేలోగా నేను లేచి "ఉన్నానండీ" అన్నాను.

"నిన్నెవరు పిలిచారు?"

"సుందరమ్మగారండీ."

"ఆవిడ వెళ్ళిపోయారుగా!"

"పిలిచారండీ."

కూర్చోమన్నారు. మరునాడూ అంతే జరిగింది. ఆ మరునాడు మహలక్ష్మి పలికాక నేను లేవబోతుంటే, ఎవరూ చెప్పకుండానే గది అంతా ఒక్కసారి అరిచింది: "మాణిక్యం బళ్ళో ఉందండీ!"

మాస్టారు పట్టీ దగ్గరకు లాక్కున్నారు. కలం సిరాలో ముంచి ఏదో రాశారు. అప్పుడు, కొంచెం నెమ్మదిగా, "మాణిక్యం" అని చదివారు.

సుందరమ్మగారిని నేను మళ్ళీ చూడలేదు. బందరు వెళ్ళిపోయారని మాత్రం విన్నాను. పెద్దయ్యాక నేనూ పంతులమ్మనయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వరుసల మధ్య నడుస్తూ, మానేసిన పిల్లల పేర్లు కూడా కలిపి పిలిచాను. కొందరు వచ్చారు. రానివాళ్ళ పేర్లు ఈ వయసులోనూ, వంట చేసుకుంటుంటే, వరుస తప్పకుండా నోటికి వస్తాయి.

ఈ రచనను సంచికలో వేసినా, వేయకపోయినా, పాలకవర్గం వారు రెండు విషయాలకు తేదీతో, సంతకంతో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను. ఒకటి, ఉపాధ్యాయుల పట్టికలో సుందరమ్మగారి పేరు ఎప్పుడు చేరుస్తారు? రెండు, బడి మానిన పిల్లను పేరు పెట్టి పిలవడం ఏ నిబంధన ప్రకారం నేరం?