ఐదుగురు కూర్చునే వరుస

జనగామ హాస్టల్లో నాతోపాటు ఎంబీఏ ప్రవేశ పరీక్షకు చదివిన, తండా నుంచి వచ్చిన ఒక అక్కకు ఒక అలవాటుండేది. రీజనింగ్‌లో 'ఐదుగురు వరుసగా కూర్చున్నారు' అన్న ప్రశ్న రాగానే, ఇంట్లో బువ్వకు కూర్చున్నట్టే కాగితం మీద ఒక్కొక్కరికి ఒక సున్నా చుట్టి తనవాళ్లను కూర్చోబెట్టేది. గోడవైపు చివరన బాపు, పక్కన తనను కన్న అవ్వ, తర్వాత తమ్ముడు, చెల్లె, ఈ చివరన తను.

"ఏ, బీ అనుకుంటే పరేషానైతవ్. మనోళ్లే అనుకో, నిమిషంల వస్తది" అనేది. నిజంగానే వచ్చేది.

పరీక్షకు నెల ముందు వాళ్ల బాపు పోయాడు. దినాలు కాగానే తిరిగొచ్చి, ఫోన్‌లో ప్రశ్నకు నిమిషం చొప్పున టైం పెట్టుకుని నా పక్కనే సాధనకు కూర్చుంది. మళ్లీ అదే రకం ప్రశ్న. కాగితం మీద నాలుగే సున్నాలు చుట్టింది.

"ఐదుగురు గదక్కా" అన్నాను మెల్లగా.

"ఎరుకే చెల్లె" అంది.

బాపు కూర్చునే చోటికి పెన్ను కదల్లేదు. నిమిషం అయిపోయింది.