కొత్త అమావాస్యనాటి చెరకు రసం

లూర్దు మేరీ చదివింది పదో తరగతే. అయినా అనకాపల్లిలోని ఆ చెరకు ల్యాబుకి కొత్తగా వచ్చే కుర్ర సైంటిస్టులకి అసలు గురువు ఆవిడే. గానుగ షెడ్డు తాళం ఇరవై ఏళ్లుగా ఆవిడ కొంగు ముడిలోనే ఉంది. ఏ రోజు ఏ చెరకు ఆడించారో, రసంలో తీపి ఎంతో రిజిస్టరులో రాశాక, సాక్షిగా కింద ఆవిడ సంతకం పడాలి. అది పడందే ఒక్క అంకె కూడా గడప దాటదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, తెలిసినట్టే నడుస్తుంది కూడా.

ధనశ్రీ కర్నూలు నుంచి వచ్చి ఏడాది కాలేదు. పరిశోధనలో నీతి నియమాల మీద ఆన్‌లైన్ ట్రైనింగు తొంభై ఆరు మార్కులతో పాసై, సర్టిఫికెట్టు టేబులు ఎదురుగా గోడకి అంటించుకుంది. ఆ వారం ఆమె మొదటి పేపరు పంపాలి. వరసగా పది రోజుల రీడింగులు రాసిన రిజిస్టరు తెచ్చి, సంతకం పెట్టమంది.

మేరీ కళ్లజోడు పెట్టుకుని, వరసల మీద వేలు నడిపిస్తూ ఒకచోట ఆగింది. కొత్త అమావాస్య, అంటే ఉగాది ముందురోజు. ఊళ్లో నూకాలమ్మ జాతర. ఆ రోజు కూలీలు ఒక్కరూ రారు. మేరీ చర్చికి వెళ్లే మనిషే అయినా షెడ్డు తెరవదు. చెరకు నరికి తెచ్చేవాళ్లు లేకపోతే గానుగ ఏం ఆడుతుంది? ఈ ఊరి పిల్లయితే దొంగ రాత రాసినా ఆ తేదీ మాత్రం వేసేది కాదు.

"అమాసనాడు రసం ఎక్కడిదమ్మా?" అంది మేరీ.

ధనశ్రీ ముఖం పాలిపోయింది. ముందురోజుకీ మర్నాటికీ సగటు కట్టి వేశానంది. ఒక్క అంకెకి ఏం తేడా వస్తుందంది. ఒక రోజు ఖాళీ ఉంటే పేపరు వెనక్కి కొడతారంది.

మేరీకి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ అంకెని నమ్మి చీడికాడ లాంటి ఊళ్లో ఏ రైతో ఆ రకం చెరకు నాటుకుంటాడు. అదంతా చెప్పకుండా, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి ఒక పేజీ తెరిచింది. అంకెల మీద ఒకే గీత. కింది అంకెలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన, 'రెండు రకాల చెరకు మోపులు కలిపేసేను. తప్పు నాదే. లూర్దు మేరీ.'

"సేరిన మూడో నెల్లో సేసేను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను."

"మరి పైవాళ్లు ఏం చేశారు?"

"పెద్దసారు బాగా తిట్టేరు. సాయంత్రం పిలిసి, ఈ తాళం నా సేతిలో పెట్టేరు."

ధనశ్రీ ఆ పేజీని మళ్లీ చదివింది. తరువాత తన రిజిస్టరు లాక్కుని ఆ అంకె మీద ఒకే గీత గీసింది. 'జాతర. రీడింగు తియ్యలేదు. సగటు వేసింది నేనే' అని రాసి సంతకం చేసింది. గీత తిన్నగానే వచ్చింది. దాని కింద మేరీ సంతకం పెట్టింది.

పేపరు తొమ్మిది రోజుల లెక్కతోనే వెళ్లింది. ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. మర్నాడు పొద్దున్న మాత్రం మేరీ కొంగు ముడి విప్పి, షెడ్డు తెరిచి రమ్మని తాళం ధనశ్రీకి ఇచ్చింది.