రానూ పోనూ ఒక గంట

మిట్టమధ్యాహ్నం చిత్తూరు నుంచి ఐరాల పోయే బస్సులో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. ఆడోళ్ల సీటు, కళ్లు కనపడలేదా అని గదమాయించినా లేవలేదు. ముందు సీటు కమ్మీని స్టీరింగులా పట్టుకుని, కుడికాలితో నేలను తొక్కుతా ఉన్నాడు.

"అక్కా, సదువుకున్నట్టుండావు, ఒక లెక్క చెప్పు. పోయేటప్పుడు ముప్పై స్పీడులో పోయినా. రానూ పోనూ సగటు అరవై పడాలంటే ఎంతలో తిరిగి రావాల?"

"తొంబై. దీనికి చదువెందుకు?" అన్నాను.

"నేనూ తొంబైలోనే వచ్చినా. తప్పక్కా. చెల్లెలి ఊరు ముప్పై కిలోమీటర్లు. సగటు అరవై అంటే రానూ పోనూ గంట. ఆ గంట పోయేదానికే అయిపోయిండాది."

మనసులో లెక్క వేసి చూసుకున్నాను. నిజమే. అయినా ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. "గంటలోనే రావాలని ఏం తొందర నీకు?"

"నాయన గంటకంటే ఉండడన్నారు. కడసారి నోట్లో పాలు పోసేదానికి చెల్లెల్ని పిలుచుకోని వద్దామని పోయినా. గుజ్జు ఫ్యాక్టరీ కాడ దావంతా మామిడికాయల ట్రాక్టర్లు. వచ్చేటప్పుడు దావ ఖాళీ. తొక్కినా."

"పాపం, మీ నాయన దక్కలేదా?"

ఆయన మొదటిసారి నావైపు తిరిగి నవ్వినాడు. "నాయన లేచి కూర్చున్నాడక్కా. ఇప్పటికీ బాగుండాడు. నేనూ చెల్లెలే ఇంకా ఇల్లు చేరలేదు."

దిగేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆలస్యమైందని మా ఆయన కారు వేగం పెంచితే పెద్ద గొడవ పెట్టుకుంటాను. ఎందుకని అడిగితే మాత్రం చెప్పను.