తాళాలమ్మ వెనక్కి తీసుకున్న ఫిర్యాదు

ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని పిల్లలు చాటున తాళాలమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. హాస్టల్‌కు రాకముందు ఆమె అదే యూనివర్సిటీలో టెలిఫోన్ ఆపరేటరు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఎక్స్ఛేంజి గది మూసేసి, ఆమెను హాస్టల్ గేటు పక్క గదిలో కూర్చోబెట్టారు. గొంతు మాత్రం పాతదే. ఆమె మామూలుగా పిలిచినా పై అంతస్తు పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూసేవారు. గేటు మూసే వేళ దాటిందంటే ఎవరు బతిమాలినా కరిగేది కాదు. నా కూతురే వచ్చినా ఇంతే అనేది. కూతురు లేదు గనక ఆ మాట అనడం తేలికేనని పిల్లలు గొణుక్కునేవారు.

ఒక సాయంత్రం నాటకం రిహార్సల్ ముగించుకుని ఆలస్యంగా వచ్చిన చివరి సంవత్సరం అమ్మాయిని ఆమె వానలో తడిసి ముద్దయ్యేదాకా గేటు బయటే నిలబెట్టి, ఆ తర్వాతే లోపలికి వదిలింది. తెల్లారేసరికి భోజనశాల గోడ మీద ఒక బొమ్మ వెలిసింది. పెద్ద తాళంకప్ప. దానికి కళ్లజోడు, కొప్పు. కింద "నవ్వులకు ప్రవేశం లేదు, వేళ మించింది" అని రాసి ఉంది. తాళంకప్ప వరకూ అయితే ఆమె ఓర్చుకునేదేమో. గడ్డం మీద మూడు వెంట్రుకలు కూడా గీశారు. అద్దం ముందు రోజూ తాను పడే అవస్థ ఎవరి కంటా పడటం లేదనుకుంది ఇన్నాళ్లూ. పిల్లలు నవ్వు ఆపుకుంటూ తలలు దించుకున్నారు. వంటమనిషి అవతలి గోడవైపు తిరిగాడు గానీ అతని భుజాలు ఊగుతూనే ఉన్నాయి. గీసింది తానేనని ఆ అమ్మాయి దాచుకోలేదు.

ఇంటికెళ్లి చెప్పుకుంటే, వాళ్లింట్లోనే ఉండే పెద్దాడపడుచు అంతా విని, ఆ పిల్ల నయమే, నీ ముక్కు జోలికి పోలేదు అంది. కుట్టుమిషను ముందు కూర్చున్న భర్త, ఊరి నోటికి మూకుడు పెట్టగలమా, వదిలెయ్ అన్నాడు. ఆమె వదల్లేదు. మర్నాడే విద్యార్థుల వ్యవహారాలు చూసే డీన్‌గారికి ఫిర్యాదు ఇచ్చింది.

ఆ ఏడే కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. సంస్థ గౌరవానికి భంగం కలిగించే మాటైనా, రాతైనా, బొమ్మైనా తప్పేనని అందులో ఒక నిబంధన ఉంది. దాని కిందే ఆ అమ్మాయిని హాస్టల్ ఖాళీ చేయమన్నారు. విచారణలో తప్పు రుజువైతే చదువుకు కూడా కొంతకాలం దూరం పెడతారని చెప్పుకున్నారు. వార్డెన్‌కి కడుపు చల్లబడింది. ఒకటి రెండు రోజులు గేటు దగ్గర నిటారుగా కూర్చుంది.

అప్పుడు మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె ఆమె గదికి వచ్చింది. నెమ్మదస్తురాలు, పలకరిస్తే తప్ప పలకదు. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆంటీ, మీ ఫిర్యాదు ఎవరికిచ్చారు? నేనూ డీన్ ఆఫీసులోనే ఇచ్చాను. మీకు వెంటనే పని జరిగింది. నాకెందుకు జరగలేదు?"

కూర్చోబెట్టి అడిగితే అంతా చెప్పింది. ల్యాబులో ఒక సీనియర్ తన వెంట పడుతున్నాడు. వద్దని చెప్పినా మెసేజ్‌లు ఆపలేదు. నంబరు మారిస్తే కొత్త నంబరు సంపాదించాడు. బస్‌స్టాపు దగ్గర కాపు కాస్తాడు. ఆఫీసులో చెబితే, అతను మంచి మార్కులవాడు, గొడవ పెంచుకోకండి, మీరూ మీరూ మాట్లాడుకోండి అన్నారట. పిల్ల ల్యాబుకు వెళ్లడం మానేసింది. ఇంట్లో తెలిస్తే చదువే మాన్పిస్తారని భయం.

ఆ పిల్ల వెళ్లాక వార్డెన్‌కి తట్టింది. తన వెంట్రుకల కోసం కదిలిన ఆఫీసు ఈ పిల్ల భయానికి కదల్లేదన్నమాట. సిగ్గేసింది. ఆ వెనకే కోపమొచ్చింది. చెప్పులేసుకుని తిన్నగా డీన్ గదికి వెళ్లింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటే ఆయన మర్యాదగానే నవ్వాడు. "ఇచ్చింది మీరే గానీ, కేసు ఇప్పుడు మీది కాదండీ. సంస్థది."

"గీసింది నా బొమ్మ సార్. సంస్థకి గడ్డం మీద వెంట్రుకలు లేవు."

ఆయన నవ్వు ఆగిపోయింది. మొదటి సంవత్సరం అమ్మాయి సంగతి ఎత్తితే, అది ఇద్దరు విద్యార్థుల సొంత గొడవ అన్నాడు. మీరు గేటు చూసుకుంటే చాలు, ఉద్యోగం చల్లగా సాగనివ్వండి అని కూడా అన్నాడు. విచారణకు తాను వస్తానని మాత్రం చెప్పి ఆమె లేచింది.

విచారణ రోజున పొడవాటి బల్లకు అటు డీన్‌గారు, మరో ఇద్దరు ప్రొఫెసర్లు, ఇటు బొమ్మ గీసిన అమ్మాయి. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెబితే చూద్దామన్నారు. ఆ అమ్మాయి డీన్‌గారి వైపు కాక వార్డెన్ వైపు తిరిగింది.

"తాళంకప్ప గీసినందుకు సారీ చెప్పను మేడమ్. ఆ గేటు సంగతి మళ్లీ అడుగుతాను, ఎక్కడైనా అడుగుతాను. వెంట్రుకలు గీయాల్సింది కాదు. దానికి మాత్రం మీకు సారీ."

వార్డెన్ తల ఊపింది. ప్రొఫెసర్లలో ఒకావిడ, మీకు అవమానం జరగలేదా అని అడిగింది.

"జరిగిందండీ. ఏడ్చాను కూడా. మర్నాడు వచ్చి అదే గేటు దగ్గర కూర్చుని నా పని నేను చేసుకున్నాను. మీ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చిన ఆ మొదటి సంవత్సరం పిల్ల తన పని చేసుకోలేకపోతోంది, ల్యాబు గుమ్మం తొక్కడానికి భయపడుతోంది. నన్ను చూసి నవ్వినందుకు ఈ పిల్లని బయటికి పంపి, ఆ పిల్లని భయపెట్టినవాణ్ణి లోపల ఉంచుతామంటే నేనొప్పుకోను."

చివరికి బొమ్మ గీసిన అమ్మాయిని మందలించి వదిలేశారు. హాస్టల్ గది తిరిగి ఇచ్చారు. రెండో సంగతి మాత్రం తేల్చలేదు. మళ్లీ ఫిర్యాదు ఇచ్చుకోమన్నారు.

ఇచ్చుకున్నారు. భోజనం వేళ వార్డెన్ ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆఫీసు బెంచీ మీద కూర్చునేది. గుమాస్తా రేపు రమ్మంటే రేపు వచ్చేది. ల్యాబు ఉన్న రోజుల్లో తన భోజనం వేళ ల్యాబు వేళకు మార్చుకుని, పిల్లను లోపలికి పంపి, తాను వరండాలో స్టూలు వేసుకుని కూర్చునేది. సీనియర్, అతని స్నేహితులూ బాడీగార్డు వచ్చిందని ఎగతాళి చేశారు. ఆమె బదులివ్వలేదు. నా గురించి ఎన్నన్నా అననీ, నువ్వు లోపలికి నడువు అని పిల్లకు చెప్పింది. డ్యూటీ వదిలి తిరుగుతున్నావని డీన్ కబురు పెడితే, ఇది నా భోజనం వేళ అని తిరుగు కబురు పంపింది. కొన్నాళ్లకు ఆమె ఒక్కతే కూర్చోనక్కర్లేకపోయింది. హాస్టల్ పిల్లలు వంతులేసుకుని వచ్చారు. బొమ్మ గీసిన అమ్మాయి అందరికంటే ముందు వచ్చేది. వాళ్లిద్దరికీ గేటు వేళ మీద వాదన ఆ వరండాలోనూ నడిచేది.

మొత్తానికి విచారణ పెట్టక తప్పలేదు. సీనియర్‌ని చెప్పుకునేదంతా చెప్పుకోనిచ్చారు. ప్రేమించాను, అందులో తప్పేముంది అన్నాడు. మెసేజ్‌లు చదివాక బల్లకు అటువైపున్న వాళ్లెవరూ ఆ మాట పట్టించుకోలేదు. అతన్ని వేరే ల్యాబుకు మార్చి, ఆ పిల్ల దరిదాపులకు పోకూడదని, పోతే యూనివర్సిటీలోంచే పంపేస్తామని తేల్చి చెప్పారు. ఇంతేనా అన్నారు కొందరు పిల్లలు. ఆ పిల్ల మాత్రం, ఇక నేనొక్కదాన్నే వెళ్తాను ఆంటీ అంది.

ఏడాది తిరక్కుండా వార్డెన్‌ని హాస్టల్ నుంచి తీసేసి లైబ్రరీ కౌంటర్లో వేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అక్కడ మెల్లగా మాట్లాడాలన్నదే ఆమెకు వచ్చిన పెద్ద కష్టం. మొదటి వారంలోనే వేరే విభాగం అమ్మాయి ఒకతె వచ్చి, పుస్తకం అడక్కుండా కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. వార్డెన్ ఆమె మొహం చూసింది. పక్కామెను సీటు చూడమని చెప్పి చెప్పులేసుకుంది.

"పదమ్మా. దారిలో చెబుదువుగాని."