ఎన్నోది పెదనాన్న

మా పెదనాన్న తనకు పని చేసిపెట్టే ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఇది మీకు ఎన్నోది?" సెలూన్లో కత్తెర తీసినవాణ్ణి ఎన్నో తల అంటారు. టేపు తీసిన దర్జీని ఎన్నో చొక్కా అంటారు. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, తెరిచిన నోటితోనే ఎన్నో పన్నని అడిగి ఆవిడ చేత పట్టకారు కింద పడేయించారు. ఒక టాక్సీ డ్రైవరైతే బండి పక్కకు తీసి, అంత అనుమానంగా ఉంటే దిగిపొమ్మన్నాడు. పెదనాన్న దిగలేదు. అడిగాను గానీ అనుమానించలేదు కదా అని సర్దిచెప్పారు.

నర్సింగ్ స్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు ఇంజక్షన్లు చెయ్యడం నేర్పిన మనిషి. అందుకని ఈ చాదస్తాన్ని ఉద్యోగం తాలూకు రోగంగానే మేమందరం లెక్కగట్టాం. మాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. ఇంత విచారణ చేసే మనిషి జుట్టు ఎప్పుడూ ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు తగ్గుగా ఉంటుంది. చొక్కా చేతులు రెండూ ఒక్క పొడవున ఉండగా ఎవరూ చూడలేదు. వాకబు చేసి చేసి చివరికి ఊళ్లోకెల్లా చేతకానివాణ్ణే పట్టుకుంటారని పెద్దమ్మ ఫిర్యాదు.

ఇక నా సంగతి. బస్టాండులో విచారణ కౌంటర్లో కూర్చుంటాను. నలభై దాటేసరికి కనుబొమల మధ్య నిలువుగా ఒక గీత పడింది. బస్సు ఎప్పుడని అడగడానికి వచ్చినవాళ్లు నా ముఖం చూసి, పర్వాలేదు లెండి అని వెళ్లిపోతున్నారు. ఒకే ఒక్క ఇంజక్షన్‌తో గీత మాయమవుతుందని చెప్పుల షాపు మీద కొత్తగా వెలసిన అందాల క్లినిక్‌ వాళ్లు బోర్డు పెట్టారు. నాకేమో సూదంటే చచ్చేంత భయం. తోడుకి సూదితోనే బతికిన పెదనాన్నను తీసుకెళ్లాను. నోరు విప్పనని మాట తీసుకున్నాను కూడా.

లోపల తెల్ల సోఫాలు, గులాబీ సెంటు, గోడ మీద బంగారు అంచు సర్టిఫికెట్. తెల్లకోటు వేసుకున్న ఇరవై ఏళ్ల అమ్మాయి నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, నుదుటి మీద తెల్ల పెన్సిలుతో ఐదు చుక్కలు పెట్టింది. ఐదో చుక్క దాకా పెదనాన్న మాట మీదే నిలబడ్డారు. ఆమె సూది తియ్యగానే అడిగేశారు.

"ఇది నీకు ఎన్నోదమ్మా?"

ఆ పిల్ల కంటే ముందు ఓనరమ్మ అందుకుంది. మా క్లినిక్ అమ్మాయి రెండు రోజుల శిక్షణ పొందిందని గోడ చూపించింది. పెదనాన్న సర్టిఫికెట్ చదివి, దాని పక్కనున్న శిక్షణ గ్రూపు ఫొటో చూసి, రెండు రోజుల్లో ఒక పూట ఈ ఫొటోకే పోయుంటుందన్నారు. మళ్లీ అమ్మాయి వైపే తిరిగారు.

"మొదటిదండి" అంది ఆ పిల్ల. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఈవిడ లేచి వెళ్లిపోతే నా ఉద్యోగం ఉండదండి" అంది.

"మొదటిది కావడం తప్పు కాదమ్మా. అందరికీ ఒకటి ఉంటుంది. మరి పక్కన ఎవరున్నారు?"

డాక్టరుగారు ఎప్పుడూ ఫోన్లో ఉంటారని ఓనరమ్మ చెప్పింది. ఆరా తీస్తే ఆయన ఎముకల డాక్టరట, ఉండేది వేరే ఊళ్లోనట. సూది తేడా చేసి మా పిల్ల కనురెప్ప వాలిపోతే ఫోన్లోంచి ఎత్తుతాడా అని అడిగి, పెదనాన్న నన్ను లేవమన్నారు. నేను అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాను. ఇల్లు చేరాకగానీ నుదుటి మీద ఐదు చుక్కలతో వీధంతా నడిచానని తెలియలేదు.

మర్నాడు ఆ అమ్మాయే సంచితో మా కౌంటర్‌కి వచ్చింది. తన ఊరి బస్సు ఎప్పుడని అడిగింది. అనుకున్నంతా అయింది, ఉద్యోగం పోయింది. నాకు సిగ్గేసింది. పెదనాన్నకు ఫోన్ చేసి, ఒక్క ప్రశ్నతో పిల్ల నోటి దగ్గర కూడు తీసేశారని దులిపేశాను. ఆయన అంతా విని, "బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగి పెట్టేశారు. కాసేపటికి ఆయన బెంచీ మీద ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఏదో అడుగుతుండడం అద్దంలోంచి చూశాను. ఇది ఎన్నో బస్సని అడుగుతున్నారు కాబోలు అనుకున్నాను. కోపంతో అటు చూడ్డం మానేశాను, కొన్ని నెలలు మాట్లాడ్డమూ మానేశాను.

ఒకరోజు పెద్దమ్మ ఫోన్ చేసి, ఆయన కళ్లజోడు మర్చిపోయి నర్సింగ్ స్కూలుకి వెళ్లారని, ఇచ్చి రమ్మంది. రిటైరైన మనిషికి అక్కడేం పనో నాకు అర్థం కాలేదు. వెళ్లి చూస్తే పెదనాన్న చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా నర్సు యూనిఫారంలో, సిరంజి పట్టుకుని ఆ అమ్మాయే. ఆమె భుజం పక్కనే టీచరమ్మ.

టీచరమ్మే చెప్పింది. ఈ అమ్మాయి దరఖాస్తు నింపిందీ, ప్రవేశపరీక్షకు కూర్చోబెట్టి చదివించిందీ పెదనాన్నేనట. రబ్బరు చెయ్యి మీద సాధన అయ్యాక ప్రతి బ్యాచికీ మొదటి నిజం చెయ్యి ఆయనదేనట. ఎన్నోదని అడుగుతారట, రెండోదన్నవాళ్లను వేరే చెయ్యి చూసుకోమంటారట. నా చిన్నప్పటి నుంచీ కొత్తవాళ్లను తప్పించుకోడానికే అడుగుతున్నారనుకున్నాను. ఆయన వెతుకుతున్నదే వాళ్లను. ఆ జుట్టు, ఆ చొక్కాలు ఎవరెవరి మొదటివో తలుచుకుంటే ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

అమ్మాయి సూది దించింది. చెప్పుల్లో పెదనాన్న కాలివేళ్లు ముడుచుకోవడం నేను చూశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెలియనే లేదమ్మా" అన్నారు.

ప్రతి ఏడూ ఇదే అబద్ధమని టీచరమ్మ నా చెవిలో చెప్పింది. ఆ పిల్ల ముఖం మాత్రం వెలిగిపోయింది. ఇప్పుడు రెండోదానికి చెయ్యి కావాలంది. గదిలోని మిగతా విద్యార్థులందరూ తలలు దించుకున్నారు. పెదనాన్న నా వైపు చూశారు. కళ్లజోడు ఆయన చేతిలో పెట్టి పారిపోదామనే అనుకున్నాను. ఎలా జరిగిందో, కుర్చీలో నేనున్నాను, నా జాకెట్టు చెయ్యి పైకి మడిచి ఉంది.

బాగానే గుచ్చుకుంది. ప్రాణం పోయి వచ్చింది. ఆ పిల్ల నా ముఖంలోకి భయంభయంగా చూస్తోంది.

"తెలియనే లేదు" అన్నాను, పళ్లు బిగబట్టి.